సాలార్‌జంగ్ మ్యూజియం స్పెషల్ ఎగ్జిబిషన్లు: కర్నూలు నుంచి పోయేవాళ్ళ కోసం

మాది కర్నూలు. సాలార్‌జంగ్ మ్యూజియంకి నేను చదువుకునే రోజుల నుంచి పోతానే ఉన్నా, ఇప్పుడు మా పాపని తీసుకుపోతున్నా. ఎవరి రివ్యూ చూసినా గంటలు కొట్టే గడియారం, ముసుగు రెబెక్కా, ఈ రెండే రాసింటారు. స్పెషల్ ఎగ్జిబిషన్ల గురించి రాసేవాళ్ళు శానా తక్కువ, నాకేమో ఆ మ్యూజియం మీద అంత ఇష్టం ఏర్పడింది వాటి వల్లే.

రెబెక్కా గొప్పదే, కాదనను. ముసుగేసుకున్న ఆడమనిషి శిల్పం, ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాయి, నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు, ఎన్నిసార్లు చూసినా ఆ ముసుగు రాయంటే మనసు ఒప్పుకోదు. కానీ అది ఎప్పుడు పోయినా అక్కడే ఉంటాది. గ్యాలరీల్లో మనం చూసేది కలెక్షన్‌లో కొంత భాగమే, మిగతాది లోపల భద్రంగా ఉంటాది. ముఖ్యంగా చేతిరాత పుస్తకాలు, మినియేచర్లు అంటే చిన్న సైజులో సన్నగా రంగులతో వేసిన బొమ్మలు, పాత బట్టలు, ఇవి వెలుతురుకి తట్టుకోవు, రంగు వెలిసిపోతాది, కాగితం పెళుసైపోతాది, అందుకని ఏ మ్యూజియమైనా వీటిని ఏడాది పొడుగునా లైట్ల కింద ఉంచకూడదు, కొన్నాళ్ళు బయట పెట్టి మళ్ళీ లోపలికి తీసుకుపోవాల్సిందే. అట్లా బయటికి తీసిన టైములో మనం అక్కడ ఉంటే చూసినట్టు, లేకపోతే మళ్ళీ ఎప్పుడో.

మే 18 ఇంటర్నేషనల్ మ్యూజియం డే, జూన్‌లో ఈ వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించిన మూడో సాలార్‌జంగ్ పుట్టినరోజు, నవంబర్ 14 పిల్లల పండగ, ఆ వెంటనే 19 నుంచి 25 దాకా వరల్డ్ హెరిటేజ్ వీక్. ఏదో ఒక ఎగ్జిబిషన్ ఈ తేదీల చుట్టూనే ఎక్కువ పడుతుంది కాబట్టి మా ఇంట్లో హైదరాబాద్ పని ఏదైనా ఉంటే వీటికి దగ్గరగా పెట్టుకుంటాం. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పించే క్యాంపులు కూడా ఉంటాయి, ఊరి నుంచి రోజూ పోయి రావడం మనకి కుదిరే పని కాదు, అక్కడ చుట్టాలుంటే పంపించండి.

నాకు బాగా గుర్తుండిపోయింది చేతిరాత పుస్తకాల ఎగ్జిబిషన్. ఫార్సీ, అరబ్బీ నాకు రావు, అందరి మాదిరి బంగారు అంచులు చూసుకుంటూ పోతున్నా. పక్కన ఒక పెద్దాయన, పాతబస్తీ ఆయనే అనుకుంటా, అద్దానికి ఆనుకొని మెల్లగా చదువుకుంటున్నాడు. మా పాప ఆయన్నే చూస్తాంటే "ఇధర్ ఆవో బేటా" అని పిలిచి వేలితో చూపించాడు, ఈ అక్షరాలు నిటారుగా లైన్ మీద కూర్చున్నాయి చూడు ఇది నస్ఖ్ అనే రాత, ఆ పక్కదాంట్లో అక్షరాలు పైనుంచి ఏటవాలుగా జారుతున్నాయి అది నస్తాలీఖ్ అనే రాత, అని. కర్నూల్లో పెరిగాం కాబట్టి ఉర్దూ మాటలు మాకు కొత్త కాదు, ఆయన చెప్పింది పాపకి అంతా అర్థమైంది. ఆ తర్వాత హాలు మొత్తం మళ్ళీ మొదటి నుంచి చూసినాం, ఇది నస్ఖ్ అది నస్తాలీఖ్ అని పాపే చెప్పుకుంటూ పోయింది. ఎగ్జిబిషన్లో ఒకే రకం వస్తువులు పక్కపక్కన ఉంటాయి చూడండి, ఈ తేడా కంటికి ఆనేది అందుకే. జేడ్ రాయి, హుక్కాలు, కత్తులు అని గదులు మారుతూ పోతుంటే అంత నిదానం రాదు.

ఇంకో మాట మన కర్నూలు వాళ్ళకి. దక్కన్ మినియేచర్లలో కర్నూలు శైలి అని వేరుగా ఉంది, 18వ శతాబ్దంలో ఇక్కడి నవాబుల కాలంలో వేసినవి. కొండారెడ్డి బురుజు పక్కనే పెరిగినోళ్ళకి కూడా ఈ సంగతి తెలీదు, బడిలో ఎవరూ చెప్పలేదు. బీజాపూర్, గోల్కొండ, హైదరాబాద్ బొమ్మలు చూసేటప్పుడు నేను ప్రతిసారీ మా ఊరి పేరు కోసం బొమ్మల పక్కనుండే కార్డులు చదువుతాను. అసలు బొమ్మలు తేవడం కష్టమే, మంచి ప్రింట్లు తీసి కర్నూల్లో ఒక వారం పెట్టినా చాలు, ఎవరో ఒకరు పూనుకోవాలి.

స్కూలు టూర్ల మీద మాత్రం నాకు బాధ ఉంది. మా వైపు నుంచి పోయే కొన్ని బళ్ళు పిల్లల్ని లైను కట్టించి గడియారం దగ్గర నిలబెట్టి, అది కొట్టగానే పదండి పదండి అని చార్మినార్‌కి తరుముతాయి, పక్క హాల్లో ఎగ్జిబిషన్ నడుస్తున్నా లోపలికి పంపరు. టీచర్లు ఒక్క అరగంట వదిలిపెడితే పిల్లలు ఎంత చూస్తారో.

పోయేవాళ్ళకి: శుక్రవారం సెలవు, మర్చిపోవద్దు. కర్నూలు బస్సు హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగితే మ్యూజియం మూసీ అవతల దగ్గరే, ఆటో దొరుకుతుంది. ఆదివారం జనం విపరీతం, మంగళ బుధవారాలు మేలు. పొద్దున తెరవగానే ముందు ఎగ్జిబిషన్ హాలుకే పోండి, కాళ్ళు నొప్పులు పుట్టాక చేతిరాతలు చూడలేరు, గడియారం ప్రతి గంటకీ కొడుతూనే ఉంటాది కాబట్టి దానికి తొందర లేదు. బయలుదేరే ముందు ఎగ్జిబిషన్ ఏమైనా నడుస్తోందా, ఎప్పటిదాకా అని కనుక్కోండి. మే కంటే నవంబర్ బాగుంటుంది, ఎండ ఉండదు, పిల్లలు సాయంత్రం దాకా ఓపికగా తిరుగుతారు.