పడవ మీద కయాక్‌లు ఎక్కించుకుని కళింగపట్నం నుంచి బారువ దాకా

అమెరికాలో శాన్‌డియేగో నుంచి దక్షిణంగా బాహా కాలిఫోర్నియా వైపు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద చేపల వేట యాత్రలు నడుస్తుంటాయి. కయాక్‌లన్నీ ఒక పెద్ద బోటు మీద వేసుకుని వెళ్తారు, పొద్దున్నే నీళ్లలోకి దింపుతారు. ఎవరి గాలం వాళ్లది. తిండికీ నిద్రకీ మళ్లీ బోటు దగ్గరికే చేరతారు. అలాంటి యాత్ర మన తీరంలోనే చేయాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక. మొదట విజయనగరం వైపు చింతపల్లి, కోనాడ అనుకున్నాం. కానీ ఆ జిల్లా తీరం ముప్పై కిలోమీటర్లలోపే, రోజుల తరబడి సాగే యాత్రకు సరిపోదు. శ్రీకాకుళం తీరమైతే 193 కిలోమీటర్లు. అందుకని నేనూ మా బావమరిదీ కళింగపట్నంలో మొదలుపెట్టి, మధ్యలో భావనపాడులో ఆగి, బారువలో దిగేలా ప్లాన్ వేసుకున్నాం.

ఈ దిశలోనే వెళ్లడానికి కారణం ఉంది. ఫిబ్రవరి దాటాక మన తీరం వెంట నీరు ఉత్తరం వైపు లాగుతుంది. చలికాలం మొదట్లో దీనికి పూర్తిగా ఎదురు. తెడ్డుతో నడిచే కయాక్‌కి ఈ తేడా చాలా పెద్దది. లాగుడుకి ఎదురెళ్తే చేతులు పడిపోతాయే తప్ప దూరం తరగదు.

ఇక్కడ ఇలాంటి యాత్రలకు అద్దెకిచ్చే చార్టర్ బోటు అంటూ మాకు ఏదీ దొరకలేదు. దొరికింది చేపల వేటకెళ్లే ఫైబర్ బోటు. పైన కప్పు ఉండదు, బాత్రూమ్ ఉండదు, పడుకోవడానికి వలల పక్కన ఉన్న చోటే. కళింగపట్నం దగ్గర ఒక తండేలు (పడవ నడిపే పెద్ద) ఒప్పుకున్నారు, తోడు ఆయన తమ్ముడు. డీజిలు, ఐసు, తిండి మా ఖర్చు. ఆ రోజుల్లో వేటకు వెళ్తే వాళ్లకు ఎంత మిగిలేదో అంతకు తగ్గకుండా కూలి మాట్లాడుకున్నాం, బేరం ఆడలేదు. బయల్దేరే ముందు మెరైన్ పోలీస్ స్టేషన్‌లో పేర్లు, ఫోన్ నంబర్లు, ఎక్కడెక్కడ ఆగుతామో రాయించాం. ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్ల సముద్ర వాతావరణ సూచన రోజూ చూశాం. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలో ఉంది.

ఈ యాత్రలో నాకు బాధ కలిగించిన సర్వీసు ఒక్కటే, కయాక్‌లు అద్దెకిచ్చిన విశాఖ షాపు. ఒక కయాక్‌కి అడుగున నీళ్లు వదిలే బిరడా పగిలి ఉంది, రెండు లైఫ్ జాకెట్లకు బకిల్స్ లేవు. ఒడ్డున సామాను విప్పి చూశాం కాబట్టి సరిపోయింది. పగిలిన బిరడాతో నడిసముద్రంలోకి వెళ్తే కయాక్ కడుపులోకి నీళ్లు చేరుతున్నట్టు కూర్చున్నవాడికి తెలియదు, ఒక పక్కకు ఒరిగాక తెలుస్తుంది. అద్దెకిచ్చే వాళ్లకు ఇది మనుషుల ప్రాణాలతో పని అన్న జ్ఞానం ఉండాలి. తండేలు తమ్ముడు రబ్బరు ముక్క కోసి, బిగించి, పైన ఎంసీల్ పెట్టాడు. బారువ దాకా చుక్క నీరు లోపలికి రాలేదు.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. చూడ్డానికి లైట్‌హౌస్, విశాలమైన ఇసుక, డచ్చివాళ్ల కాలం నాటి ఓడరేవు చరిత్ర అన్నీ ఉన్నాయి. కయాక్‌కి మాత్రం కష్టమైన చోటు. నది మొగ దగ్గర ఇసుక మేటలు, వాటి మీద విరిగే కెరటాలు. తండేలు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నిలబడి కెరటాలను చూస్తూ చాలాసేపు కదల్లేదు. పెద్దవి వరుసగా వచ్చిపోయాక కాస్త సందు దొరుకుతుంది. ఆ సందులో నలుగురం పడవను తోశాం, ఇంజిన్ పట్టుకుంది, ముక్కు పైకి లేచి దబ్బున దిగింది. ఆ మొగలో మేమే కయాక్‌లు వేసుకుని నేరుగా వెళ్లి ఉంటే బోల్తా పడేవాళ్లం. కయాక్‌లను పడవ మీద కెరటాలు దాటించి, లోపల ప్రశాంతంగా ఉన్న నీళ్లలో దింపుకోవడమే ఈ పద్ధతిలోని గొప్ప సుఖం.

వేట గురించి చెప్పాలంటే మొదటి పొద్దున్నే చాలు. పడవకు కేక వినపడేంత దూరంలో ఉండి, ప్లాస్టిక్ చేప కట్టిన తాడు వెనక వదిలి నెమ్మదిగా తెడ్డు వేస్తున్నా. రాడ్ ఒక్కసారిగా వంగింది. కోనెం! కయాక్ మీద చేప తగిలితే మనిషిని కూడా లాగేస్తుంది. అది ఎటు పోతే ముక్కు అటు తిరుగుతుంది, తెడ్డు పక్కన పడేసి రెండు చేతులా రాడ్ పట్టుకోవాల్సిందే. దాని పళ్లకు మామూలు తాడు దారంలా తెగుతుంది, గాలానికి ముందు జానెడు స్టీలు తీగ ఉండి తీరాలి. దగ్గరికి తెచ్చాక నీలి వీపు, పక్కల మీద వరుసగా చుక్కలు, ఎండకు తళతళ. నా కాళ్ల మధ్య పడేసుకుని, వెంటనే మొప్ప దగ్గర కోసి నెత్తురు కార్చి, పడవలోని ఐసు పెట్టెకు చేర్చాను. ఆలస్యమైతే కోనెం రుచి పాడవుతుంది. మా బావమరిదికి పార చేపలు, కానాగంతలు పడ్డాయి.

గాలి విషయంలో తండేలు మాటే చట్టం. "దచ్చనం గాలి ఎత్తుతాది బావూ, తొమ్మిదికల్లా పడవ కాడికొచ్చీండి" అన్నారు. చేపలు తగులుతున్నా వచ్చేశాం. పది దాటేసరికి నీటి మీద తెల్ల నురగలు లేచాయి.

భావనపాడు దిగడానికి, ఎక్కడానికి మిగతా రెండు చోట్ల కంటే సులువు. దగ్గర్లోనే 2023లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు పనులు, ఇటు నౌపడ ఉప్పుమళ్లు. తేలినీలాపురం పక్షులు కాబోలు, గూడబాతులు గుంపుగా మా తల మీదుగా వెళ్లాయి. వేట మాత్రం అంతంతే. రాత్రి పడవలోనే లంగరు వేసి పడుకున్నాం. టార్పాలిన్ మీద మంచు కారుతూనే ఉంది, పడవ ఊగుతూనే ఉంది. ఆడవాళ్లు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ పని వద్దు, టెక్కలిలో లాడ్జి చూసుకోండి.

ఆ రాత్రి తండేలు తన గుజరాత్ రోజుల గురించి చెప్పారు. ఇక్కడ సరైన జెట్టీలు లేక, పెద్ద బోట్లు నిలిపే చోటు లేక, ఈ జిల్లా కుర్రాళ్లు వేరావళ్ వెళ్లి నెలల తరబడి పరాయి బోట్లలో పనిచేస్తారు. 2018లో పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో వదిలినవాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులే ఎక్కువ. సముద్రాన్ని ఇంతగా చదివిన మనుషులకు సొంత ఊళ్లో, సొంత పడవ మీద, మాలాంటి వాళ్లను తీసుకెళ్లే పని ఎందుకు ఉండకూడదు? పడవకు ఒక కప్పు, మంచి లైఫ్ జాకెట్లు, నాలుగు కయాక్‌లు కావాలి, అంతే. మత్స్యశాఖ, టూరిజం కలిసి కూర్చుంటే ఇది అయ్యే పనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మూడింటిలో నా ఓటు బారువకే. మహేంద్రతనయ కలిసే చోటు, వెనక ఉద్దానం కొబ్బరితోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన చోట మళ్లీ నాటిన మొక్కలు పైకొస్తున్నాయి. ఈ తీరంలోనే ఒకప్పుడు చిల్కా అనే ఓడ మునిగింది. తండేలు ఆ దిక్కు చూపించి, వలలు చిక్కుకుంటాయని దూరంగా తిప్పారు. మేం ఉన్న పొద్దున ఒక ఆలివ్ రిడ్లే తాబేలు కయాక్ పక్కనే తల ఎత్తి, ఊపిరి తీసుకుని మళ్లీ మునిగింది. వెంటనే గాలాలు పైకి లాగేసి ఆ చోటు వదిలేశాం. ఇవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే రోజులు, ఎవరు వెళ్లినా ఇలాగే చేయండి.

బస ఒడ్డుకు దగ్గర్లోని చిన్న గెస్ట్ హౌస్‌లో. గది శుభ్రం, దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్లు మాత్రం బకెట్‌తో తెచ్చిస్తారు. తాగే నీళ్ల క్యాన్లు మనమే తెచ్చుకోవడం మంచిది. తిండికి హోటల్ వెతకలేదు. తండేలు చుట్టాలింట్లో పొద్దున చోడి అంబలి, ఉప్పుచేప. మధ్యాహ్నం మా కోనెమే చింతపండు పులుసు పెట్టి వండారు. డబ్బులిస్తే ఆ పిన్నిగారు తీసుకోలేదు, పిల్లల చేతిలో పెట్టి వచ్చాం.

తిరుగు ప్రయాణానికి సోంపేట స్టేషన్ దగ్గర. కయాక్‌లు వ్యాన్‌లో వేసి పంపించాలి, ఆ వ్యాన్ ముందే మాట్లాడుకోండి, అక్కడికక్కడ దొరకడం కష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజిన్ బోట్లకు వేట నిషేధం, ఆ తర్వాత వానాకాలపు సముద్రం. ఫిబ్రవరి చివర నుంచి మార్చి లోపు వెళ్లేలా చూసుకోండి.