లక్షను చూడని లైబ్రరీ: వర్డ్‌టూనంబర్ సమీక్ష

పర్లాకిమిడి బజారులో బేరం తెలుగులో సాగినా ఒడియాలో సాగినా, చెక్కుల మీద మొత్తాన్ని ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. చెక్కులో అంకెలకూ అక్షరాలకూ పొంతన లేకపోతే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 18వ సెక్షన్ చెబుతుంది కనుక, పాత కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అక్షరాల నుంచి అంకెలను రాబట్టి సరిచూసుకోవడం మంచిది. ఇక్కడి ఒక దుకాణం లెక్కల కోసం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉచితంగా దొరికే వర్డ్‌టూనంబర్ అనే లైబ్రరీని (ముందే రాసిపెట్టిన ప్రోగ్రామును) ఆ పనికి వాడి చూశాను.

వేలు, మిలియన్లు, బిలియన్ల వరకు దీని పనితీరు బాగుంది. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలిసినా, పదాల మధ్య అడ్డగీత ఉన్నా, చివర ‘రుపీస్ ఓన్లీ’ అని రాసినా తడబడదు.

చిక్కంతా లక్ష దగ్గరే వస్తుంది. దీని పదకోశం అమెరికా లెక్కల పద్ధతిది. తెలియని పదం ఎదురైతే ఆగి అడగకుండా దాన్ని వదిలేసి, మిగిలిన పదాలతోనే లెక్క కడుతుంది. అందువల్ల ‘టూ లాఖ్ ఫిఫ్టీ థౌజండ్’ అని ఇస్తే 2,50,000కు బదులు 52,000 వస్తుంది. ‘ఫిఫ్టీన్ లాఖ్’ అయితే ఉత్త 15గా మిగులుతుంది. ఏ హెచ్చరికా లేకుండా, నమ్మదగినట్టు కనిపించే తప్పు అంకెను చేతికివ్వడం కన్నా పని మధ్యలో ఆగిపోవడమే నయమని నా అభిప్రాయం. స్పెల్లింగ్ తప్పులకూ ఇదే గతి: చేతిరాతలో తరచుగా కనిపించే తప్పు ప్రకారం నలభైకి రాసే ‘ఫార్టీ’ స్పెల్లింగ్‌లో ఒక ‘యు’ అదనంగా చేరితే, నలభై ఐదు వేలు కాస్తా ఐదు వేలవుతుంది. షావుకారు ఊరుకుంటాడా?

అయినా దీన్ని పూర్తిగా పక్కన పెట్టనక్కరలేదు. కోటి, లక్ష అనే పదాల దగ్గర వాక్యాన్ని ముందే విడగొట్టి, ఒక్కో ముక్కను విడిగా ఇచ్చి, వచ్చిన అంకెలను తగినట్టు గుణించి కూడితే సరిపోతుంది. ‘లాక్’, ‘లాఖ్’, ‘లాఖ్స్’ వంటి రూపాలన్నిటినీ ముందుగా ఒకే రూపంలోకి మార్చుకోవాలి. ముక్క ఖాళీగా ఉంటే మాత్రం ఎర్రర్ వస్తుంది కాబట్టి దాన్ని దాటవేయాలి. ఆపైన, అంకెలను అక్షరాలుగా మార్చే నమ్‌టూవర్డ్స్ లైబ్రరీలో లక్షలు, కోట్లు తెలిసిన భారతీయ ఇంగ్లీషు ఎంపిక ఉంది. వచ్చిన అంకెను దానితో తిరిగి అక్షరాలుగా మార్చి, కామాలు, అడ్డగీతలు, ‘అండ్’ వంటివి తీసేసి మూలంతో పోల్చి, కలవని వరుసలను గుమాస్తా కంటితో చూడటానికి వేరు చేయాలి.