కౌలాలంపూర్: బస ఎక్కడ, రైలు ఏది, వాన ఎప్పుడు

మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లో హోటల్ వెతికేవాళ్లు ముందు చూసేది గది ఫోటోలు, ధర, స్విమ్మింగ్ పూల్. అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది. హోటల్ గుమ్మం నుంచి రైలు స్టేషన్ దాకా తడవకుండా, ఎండ తగలకుండా నడవగలమా? ఈ ఊరు భూమధ్యరేఖకు 3 డిగ్రీల పైన ఉంది. పొద్దున పది దాటితే చెమట ఆగదు. మధ్యాహ్నం మూడు తర్వాత చాలా రోజులు ఉరుములతో కుండపోతే. ఏప్రిల్‌లోనూ, అక్టోబర్, నవంబర్ నెలల్లోనూ అది మరీ ఎక్కువ. మ్యాపులో 800 మీటర్లంటే దగ్గరే అనిపిస్తుంది, చంటిపిల్లతోనో డెబ్బై ఏళ్ల అమ్మతోనో ఆ 800 మీటర్లు వానలో నడిచినప్పుడు అసలు దూరం తెలుస్తుంది.

ముందు విమానాశ్రయం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం నాలుగు గంటల చిల్లర. 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ సడలింపును గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి టికెట్ కొనే ముందు తాజా తేదీ చూసుకోండి. డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం తప్పనిసరి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు మలేసియా ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్లో నింపాలి, పైసా ఖర్చు లేదు. వెతికితే పైన కనిపించే కొన్ని సైట్లు అదే ఫారానికి డబ్బు వసూలు చేస్తాయి. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు.

విమానాశ్రయం ఊరికి 50 కిలోమీటర్ల పైనే. ఎక్స్‌ప్రెస్ రైలు మొదటి టెర్మినల్ నుంచి 28 నిమిషాల్లో, రెండో టెర్మినల్ నుంచి 33 నిమిషాల్లో ఊళ్లోని ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్ చేరుస్తుంది. పెద్దలకు టికెట్ 55 రింగిట్లు. రింగిట్‌కు 20 రూపాయల పైచిలుకు వేసుకుంటే తలకు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఒక్కరైతే రైలే మేలు. ముగ్గురు నలుగురుంటే గ్రాబ్ (మన ఓలా, ఉబర్ లాంటి యాప్) కారు చవక, కాకపోతే గంట పడుతుంది, టోల్ అదనం. తక్కువ డబ్బుతో వెళ్లాలంటే కేఎల్ సెంట్రల్‌కి బస్సు ఉంది, దానికీ గంట పైనే. తిరుగు ప్రయాణంలో టెర్మినల్ నంబరు చూసుకుని బయల్దేరండి. ఎయిర్ ఏషియా రెండో టెర్మినల్ నుంచి ఎగురుతుంది. రెండు టెర్మినళ్లూ పక్కపక్కన లేవు, మధ్యలో రైలెక్కాలి.

ఇక బస. పెద్దవాళ్లతో, శాకాహారులతో వెళ్లేవాళ్లకు కేఎల్ సెంట్రల్, దాన్ని ఆనుకున్న బ్రిక్‌ఫీల్డ్స్ ప్రాంతానికే మా ఓటు. ఒకప్పుడు ఇటుక బట్టీలు ఉండటం వల్ల ఆ పేరొచ్చింది. ఇప్పుడది లిటిల్ ఇండియా. పొద్దున్నే ఇడ్లీ, వడ, దోసె (బోర్డు మీద ‘తోసై’ అని ఉంటుంది), మధ్యాహ్నం అరిటాకు భోజనం, పూల కొట్లు అన్నీ నడక దూరంలోనే. విమానాశ్రయం రైలు, ఎల్ఆర్‌టీ, ఎంఆర్‌టీ అనే మెట్రో రైళ్లు, మోనోరైలు, కేటీఎం లోకల్ రైళ్లు అన్నీ ఇక్కడ కలుస్తాయి. లోటు ఏమిటంటే రాత్రిపూట చూడ్డానికి ఇక్కడ పెద్దగా ఏమీ లేదు. చవక హోటళ్లు రోడ్డు మీదే ఉంటాయి, చప్పుడు ఎక్కువ.

షాపింగ్ కోసం వెళ్లేవాళ్లు బుకిట్ బిన్‌తాంగ్‌లో దిగుతారు. మాల్స్ మధ్య పైవంతెనలున్నాయి. పెవిలియన్ మాల్ నుంచి పెట్రోనాస్ జంట టవర్లుండే కేఎల్‌సీసీ వైపు కిలోమీటరుకు పైగా కప్పు ఉన్న నడకదారి ఉంది, వానాకాలంలో అది నిజంగా వరం. అయితే జలాన్ అలోర్ తిండి వీధికి దగ్గరలో గది తీసుకుంటే రాత్రి ఒంటిగంట దాకా సందడి, చేపలు కాల్చే వాసన కిటికీలోంచి వస్తూనే ఉంటాయి.

కేఎల్‌సీసీలో గదులు ఖరీదు. కిటికీలోంచి జంట టవర్లు కనిపించే గదికైతే మరీ ఎక్కువ. ఒక్క రాత్రికి సరదా తీర్చుకోవచ్చు, నాలుగు రాత్రులు అక్కడే ఉండటం వల్ల ఒరిగేది తక్కువ. చైనాటౌన్‌లో, అంటే పెటాలింగ్ వీధి చుట్టుపక్కల, ధరలు తక్కువ. పసార్ సెని స్టేషన్ దగ్గరే, కేఎల్ సెంట్రల్ నుంచి ఎల్ఆర్‌టీలో ఒక్క స్టాపు. ఇక్కడ చిక్కల్లా కిటికీ లేని గదులే. చవక గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు, ఆ సంగతి వివరాల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. గాలి ఆడక తువ్వాలు కూడా ఆరదు. బుక్ చేసేటప్పుడు ‘విండో’ అనే మాట ఉందో లేదో చూడండి.

ఏ హోటలైనా విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను తీసుకుంటుంది. ఆన్‌లైన్లో పూర్తిగా కట్టేశామనుకున్నవాళ్లను కూడా కౌంటర్ దగ్గర ఇది అడుగుతారు. మోసం కాదు, ప్రభుత్వ పన్నే. దీనికి తోడు డిపాజిట్ కూడా పట్టుకుంటారు. కార్డు మీద పట్టుకుంటే తిరిగి రావడానికి రోజులు పడుతుంది, నగదుగా ఇస్తే ఖాళీ చేసేటప్పుడే చేతికి వస్తుంది. అపార్ట్‌మెంట్ బసల్లో వంటగది, పూల్ ఉంటాయి గానీ రిసెప్షన్ ఉండదు. తాళం తీసుకునే పద్ధతి ఫోన్లో పంపిస్తారు. నెట్ లేకుండా రాత్రి పదకొండింటికి దిగితే అక్కడే ఇరుక్కుంటారు. ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, మన ఛార్జర్లు పట్టవు. అడాప్టర్ ఇంటి దగ్గరే కొనుక్కోండి.

రైళ్లకు టచ్ అండ్ గో అనే ప్రీపెయిడ్ కార్డు తీసుకోండి. మనిషికొక కార్డు కావాలి, ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు. కార్డు లేకపోతే యంత్రంలో నీలం ప్లాస్టిక్ టోకెన్ వస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు తాకించాలి, బయటికి వచ్చేటప్పుడు గేటు కన్నంలో వేయాలి. కేఎల్ సెంట్రల్ నుంచి టవర్లకు ఎల్ఆర్‌టీలో ఐదో స్టాపు, పేరు కేఎల్‌సీసీ. బుకిట్ బిన్‌తాంగ్‌కి చాలామంది మోనోరైలు ఎక్కుతారు. అది చిన్న బండి, నెమ్మది, సాయంత్రం కాలు పెట్టే చోటుండదు. పైగా దాని స్టేషన్‌కి ‘ను సెంట్రల్’ అనే మాల్ మొత్తం దాటి వెళ్లాలి. మరో వైపు కప్పు కింద నడిస్తే ముజియం నెగారా ఎంఆర్‌టీ స్టేషన్ వస్తుంది, అక్కణ్నుంచి బుకిట్ బిన్‌తాంగ్ మూడో స్టాపే.

గ్రాబ్ బాగా పనిచేస్తుంది, మన ఫోన్ నంబరుతోనే నడుస్తుంది. రెండు చోట్ల దెబ్బతింటాం. ఒకటి, వాన మొదలవగానే ఛార్జీ రెట్టింపు కావడం. రెండోది, పెద్ద మాల్స్‌కి నాలుగైదు గేట్లుండటం. యాప్ చూపే గేటు పేరు, మీరు నిలబడ్డ గేటు పేరు ఒకటో కాదో చూసుకోకపోతే డ్రైవరు ఎదురుచూసి వెళ్లిపోతాడు. రోడ్డు మీద టాక్సీ ఎక్కితే మీటరు వేయనంటే దిగిపోవడమే మంచిది.

చూడాల్సినవాటిలో మొదటిది బటు కేవ్స్. కేఎల్ సెంట్రల్ నుంచి కేటీఎం రైలు అరగంటలో గుహల పాదం దగ్గరే దింపుతుంది. రైళ్ల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి తిరుగు రైలు వేళ ముందే చూసి పెట్టుకోండి. 42.7 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి విగ్రహాన్ని 2006లో ఆవిష్కరించారు, పక్కనున్న 272 మెట్లకు రంగులు వేసింది 2018లో. ఏడున్నరకల్లా అక్కడుండాలి. తొమ్మిది దాటితే ఎండ, టూరిస్టు బస్సులు రెండూ ఒకేసారి వస్తాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, దిగేటప్పుడు కాలు పక్కకు తిప్పి రెయిలింగ్ పట్టుకోండి. చేతిలో ప్లాస్టిక్ కవరు గానీ, నీళ్ల సీసా గానీ కనిపిస్తే కోతులు లాక్కుంటాయి, అన్నీ జిప్ ఉన్న సంచిలో పెట్టండి. మోకాళ్లు కనిపించే దుస్తులైతే ఆడవాళ్లను పైకి వెళ్లనివ్వరు, అక్కడే అద్దెకు గుడ్డ తీసుకోవాలి. మెట్లెక్కలేని పెద్దవాళ్లకు కింద కూడా గుళ్లున్నాయి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో సుబ్రహ్మణ్యస్వామి పండుగ తైపూసం వస్తుంది. ఊళ్లోని మహామారియమ్మన్ గుడి (1873) నుంచి వెండిరథం రాత్రంతా సాగి ఇక్కడికి చేరుతుంది. భక్తికి అది గొప్ప సమయం, తీరిగ్గా చూడాలనుకునేవాళ్లు మాత్రం ఆ వారం మానుకోవాలి.

పెట్రోనాస్ టవర్ల ఎత్తు 452 మీటర్లు. టికెట్టుతో 41వ అంతస్తులోని వంతెన, 86వ అంతస్తు చూపిస్తారు. సోమవారం మూసేస్తారు. అయితే పైకెక్కాక కనిపించనిది ఆ టవర్లే! ఒక్కదానికే డబ్బు పెట్టాలనుకుంటే కేఎల్ టవర్ ఎక్కండి. 276 మీటర్ల ఎత్తునున్న డెక్ నుంచి జంట టవర్లతో సహా ఊరంతా కనిపిస్తుంది. పెట్రోనాస్ వెలుగులు చూడ్డానికి కేఎల్‌సీసీ పార్కు చాలు, రాత్రి ఎనిమిదికి, తొమ్మిదికి ఫౌంటెన్ ప్రదర్శన కూడా ఉచితం.

పుత్రజయ సంగతి. 1999 నుంచి ప్రభుత్వ పాలన అక్కణ్నుంచే నడుస్తోంది, రాజధాని మాత్రం ఇప్పటికీ కౌలాలంపూరే. సరస్సు ఒడ్డున గులాబీ రంగు పుత్ర మసీదు అందమైనది. కానీ స్టేషన్ నుంచి ప్రతిచోటికీ కారు కావాలి, నీడ లేదు. మొత్తం మూడు రోజులే ఉంటే వదిలేయండి. ఐదు రోజులుంటే ఒక పూట, శుక్రవారం కాకుండా.

శాకాహారులకు చివరిగా ఒక జాగ్రత్త. మలయ్ వంటల్లో ‘సాయుర్’ అంటే కూరగాయలని అర్థమే, శాకాహారమని కాదు. సంబల్ అనే మిరప పచ్చడిలో బెలచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటుంది, నాసి లెమక్ అనే కొబ్బరిపాల అన్నం మీద ఎండు చేపలు చల్లుతారు. మామక్ (తమిళ ముస్లింల) హోటళ్లలో రోటీ చనాయ్ అనే పరోటాతో పోసే పులుసు చాలాచోట్ల చేపలదో కోడిదో, కాబట్టి ‘రోటీ కొసోంగ్ (ఏమీ కలపని రోటీ), పప్పు మాత్రమే’ అని అడగండి. పిండిలో గుడ్డు కలిపారేమో కూడా కనుక్కోండి. ఆ మాత్రం కూడా వద్దనుకునేవాళ్లు బ్రిక్‌ఫీల్డ్స్‌లోని పూర్తి శాకాహార హోటళ్లకు వెళ్లాలి. వాటిలో చాలా వరకు రాత్రి పదికల్లా కట్టేస్తాయి, విమానం ఆలస్యమైతే తినడానికి ఏదో ఒకటి వెంట ఉంచుకోండి.