థండర్‌బర్డ్‌లో తెలుగు పేర్ల అటాచ్‌మెంట్లు: దీర్ఘకాలం వాడాక

తెలుగు పేర్లున్న ఫైళ్లను ఏళ్ల తరబడి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌తో పంపాక చెబుతున్నా: అటాచ్‌మెంట్ పేరు తెగితే తప్పు చాలావరకు దీనిది కాదు. ఎవరిదో తేల్చే సాధనం మాత్రం ఇందులోనే ఉంది.

ముందుగా ఫైల్‌ను సేవ్ చేసి చూడండి. కిటికీ ఇరుకైతే పేరు మధ్యలో చుక్కలు పడతాయి, అది తెగడం కాదు. సేవ్ చేసినా పొట్టిగానే ఉంటే కంట్రోల్, యు కలిపి నొక్కండి. మెయిల్ సోర్స్ తెరుచుకుంటుంది. అందులో ‘కంటెంట్-డిస్పొజిషన్’ దగ్గర పేరు శాతం గుర్తులతో, 0, 1, 2 అని నంబర్లున్న ముక్కలుగా ఉంటే అది 1997 నాటి ఆర్‌ఎఫ్‌సి 2231 (ఆర్‌ఎఫ్‌సి అంటే ఇంటర్నెట్ నియమాల పత్రం) పద్ధతి. ముక్కలన్నీ ఉన్నాయా? అయితే తెరిచే ప్రోగ్రామ్‌కే వాటిని అతకడం రాలేదు. సోర్స్‌లోనే లేకపోతే పంపిన ప్రోగ్రామో, దారిలోని సర్వరో కోసేసింది.

తెలుగుకే ఈ బెడద ఎక్కువ. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో సంకేతానికి (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు దేనికదే ఒక సంకేతం) 3 బైట్లు, శాతం గుర్తుల్లోకి మారిస్తే 9 క్యారెక్టర్లు. ‘ఆహ్వానపత్రిక’లో గుణింతాలు, పొల్లులతో కలిపి 12 సంకేతాలు, అంటే 108 క్యారెక్టర్లు. మెయిల్‌లో వరుస 78 దాటకూడదన్నది సిఫారసు కాబట్టి మడవక తప్పదు. పాత ఆర్‌ఎఫ్‌సి 2047 పద్ధతిలో ఒక్కో ముక్కకు హద్దు 75. బైట్లను ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలుగా మార్చే బేస్64లో ‘.పీడీఎఫ్’ పోను 13 తెలుగు సంకేతాలే పడతాయి. దాటితే రెండో ముక్క. కొన్ని ప్రోగ్రాములు సంకేతం మధ్యలోనే కోస్తాయి, అప్పుడే ప్రశ్నార్థకమున్న నల్ల డైమండ్లు కనిపిస్తాయి.

అవతలివాళ్లది పాత ప్రోగ్రామైతే సెట్టింగ్స్, జనరల్, అట్టడుగున కాన్ఫిగ్ ఎడిటర్‌కు వెళ్లి ‘పార్మ్_ఫోల్డింగ్’ (ఇంగ్లిష్‌లో parm_folding) అని వెతకండి. 2 అంటే కొత్త పద్ధతి, 0 అంటే పాతది. 0 పెట్టి మళ్లీ పంపండి. ఇది అందరికీ వెళ్లే మెయిళ్లన్నిటికీ వర్తిస్తుంది, ఒక్కరి కోసం మార్చే వీలు లేదు. ఇంత అవసరమైన మీటను ఇంత లోపల దాచడం నాకు బొత్తిగా నచ్చలేదు. పని అయ్యాక పాత విలువకు తిప్పేయండి.

తోక తెగి చివర ‘.పీడీఎఫ్’ పోయిన ఫైల్ చెడిపోయినట్టు కాదు. సేవ్ చేసి, రీనేమ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ఆ ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే తెరుచుకుంటుంది. లినక్స్‌లో మరో హద్దు ఉంది: ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో పేరు 255 బైట్లు మించకూడదు, అంటే మహా అయితే 85 తెలుగు సంకేతాలు. దరఖాస్తులకు ఫైల్ పేరు ఇంగ్లిష్‌లో పొట్టిగా పెట్టి, తెలుగు శీర్షికను సబ్జెక్ట్‌లో రాయండి.