ఏడేళ్లుగా వాడుతున్న మూడు నిమిషాల మతిమరుపు పరీక్ష: మినీ-కాగ్

మా ఊరి క్లినిక్‌లో పెద్దవాళ్లకు ఏడేళ్లుగా మినీ-కాగ్ చేస్తున్నాను. మూడు మాటలు చెప్పి అనిపించడం, గడియారం గీయించడం, మళ్లీ ఆ మాటలు అడగడం. అంతే. మాటకు 1 చొప్పున 3, గడియారానికి 2, మొత్తం 5 మార్కులు. 3 కన్నా తగ్గితే లోతుగా చూడాలి. బయట బెంచీ నిండిపోయిన రోజున ఎమ్ఎమ్ఎస్ఈ అనే 30 మార్కుల పెద్ద మతిమరుపు పరీక్ష పెట్టుకుని కూర్చోలేను.

దీని బలమంతా గడియారంలోనే ఉంది. 11 గంటల 10 నిమిషాలకు ముళ్లు పెట్టమంటాం. పెద్దముల్లు 2 మీదికి పోవాలి. ఆలోచన తడబడే మనిషిని ‘పది’ అన్న మాట 10 అంకె మీదికి లాగేస్తుంది. రిటైరైన లెక్కల మాస్టారొకాయన అంకెలన్నీ ముత్యాల్లా వేసి, ముళ్లు 11కీ 10కీ పెట్టి, పెన్నుకు మూత పెట్టి దర్జాగా నాకేసి చూశారు. అప్పటిదాకా నాతో ఎన్నికల కబుర్లు భేషుగ్గా చెప్పిన మనిషి! వాళ్లావిడ “చిల్లర లెక్క తప్పుతున్నారండీ” అంటే నేనే తేలిగ్గా తీసుకున్నాను.

చిరాకులూ ఉన్నాయి. పెన్ను పట్టి ఎరగని మామ్మగారు “నాకు టైము చూడ్డమే రాదమ్మా” అంటే సున్నా ఎలా వేస్తాం? చదువురాని పల్లె వృద్ధుల కోసమని పరిశోధకురాలు మేరీ గంగూలీ బృందం ఎమ్ఎమ్ఎస్ఈని హిందీలోకి మార్చి 1995లో ప్రచురించింది. మినీ-కాగ్‌లో అలాంటి వెసులుబాటు లేదు. వీళ్ల విషయంలో నేను ఇంట్లోవాళ్లనే అడుగుతాను: పొయ్యి మీద పాలు మరిచిపోతున్నారా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నారా అని.

‘అరటిపండు, సూర్యోదయం, కుర్చీ’ అని చెబితే, కాసేపాగి “పొద్దుపొడుపు” అన్నవాళ్లున్నారు. మార్కు ఇచ్చి, ఆ మాట పక్కన రాసుకుంటాను. రెండోసారి వచ్చినప్పుడు వేరే మూడు మాటలు చెప్పండి. ఒక తాతగారు గుమ్మంలోంచే “అరటిపండు!” అంటూ వచ్చారు. పక్కన కూర్చున్న కోడలు పెదాలు కదుపుతుంటే బయటికి పంపండి. చెవిటి మెషీన్ ఇంట్లో మరిచి వచ్చినవాళ్లకు ఆ రోజు పరీక్షే వద్దు.

మార్కు తగ్గిందని డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని రాసేయకండి. నేను ముందు థైరాయిడ్, విటమిన్ బి12 చూస్తాను, మనసులో దిగులేమైనా ఉందేమో అడుగుతాను. గీసిన కాగితాలు మాత్రం తేదీ వేసి దాస్తాను. మాస్టారివి నా దగ్గర మూడున్నాయి. మూడోదాంట్లో అంకెలన్నీ కుడివైపే, 7 దగ్గర ఆగిపోయాయి.