పోర్షే 944తో తొమ్మిదేళ్లు: చవక అనుకుని కొన్న కారు

నా దగ్గరున్నది 1987 మోడల్ పోర్షే 944. టర్బో కాదు, మామూలుదే. 2016లో డల్లాస్‌లో 4,800 డాలర్లకు కొన్నాను. పాత హోండా సివిక్ ధరకు పోర్షే కొట్టేశానని ఆఫీసంతా చెప్పుకు తిరిగాను. ఆ డాబు ఏడాది కూడా నిలవలేదు.

అదే వారంలో రెండు కార్లు చూశాను. ఒకటి ఎర్రది, అద్దంలా మెరిసిపోతోంది, సీట్లకు కొత్త తోలు. 5,200 అడిగారు. రెండోది వెలిసిపోయిన వెండి రంగు, డాష్‌బోర్డు మీద మూడు పగుళ్లు. దాని ఓనరు, ఒక పెద్దాయన, 9,000కి ఒక్క డాలరు తగ్గనని, మూడు వేళ్ల మందం రసీదుల ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను ఫైలు తెరవలేదు, పగుళ్లు లెక్కపెట్టాను. ఎర్రదే ఇంటికొచ్చింది.

మీటరులో 98,212 మైళ్లు. ముప్పై ఏళ్ల బండికి తక్కువేనని మురిసిపోయాను. మొదటిసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, బెల్ట్ కవర్ మీద అంటించిన పాత స్టిక్కర్ చూపించాడు. 2003లో, 96,400 మైళ్ల దగ్గర బెల్ట్ మార్చినట్టు రాసుంది. అయితే ఈ కారు పదమూడేళ్లలో రెండు వేల మైళ్లయినా తిరగలేదు, లేదంటే మీటరు ఎప్పుడో ఆగిపోయింది. ఈ వయసు 944ల్లో ఓడోమీటరు లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగిపోవడం మామూలేనట, నాకే తెలియదు. స్పీడు ముల్లు బాగానే ఆడుతుంది కాబట్టి అనుమానం రాదు. టెస్ట్ డ్రైవ్‌లో పది మైళ్లు తోలి కూడా అంకె కదిలిందో లేదో చూడలేదు నేను. అందుకని ఎవరైనా "తక్కువ మైళ్లు" అని ధర పెంచితే, తేదీ, మైళ్లు రెండూ ఉన్న రసీదులు వరసగా చూపించమనండి. అవి లేకపోతే ఆ అంకెకు విలువ సున్నా.

మైళ్ల సంగతి పోనీ, ఆ బెల్టే అసలు భయం. ఈ నాలుగు సిలిండర్ల 2.5 లీటర్ల ఇంజన్లో రెండు బెల్టులుంటాయి. ఒకటి వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌ది, రెండోది ఇంజన్ వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టులది. ఆ షాఫ్టుల పద్ధతి మిత్సుబిషి నుంచి లైసెన్సు తీసుకున్నది, జర్మన్ కార్ల వీరాభిమానులు ఈ మాట కాస్త మెల్లగా చెబుతారు. క్యామ్ బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు విప్పాలి. 30 వేల మైళ్లకో నాలుగైదేళ్లకో మార్చాల్సినదాన్ని ఎవరో పదమూడేళ్లు మోయించారు. బెల్టులు, వాటర్ పంపు కలిపి 1,450 అయింది.

క్లచ్ ఇంకా ఘనం. ఇంజన్ ముందుంటే, గేర్‌బాక్స్ వెనక చక్రాల దగ్గర ఉంటుంది. అందుకే బరువు ముందూ వెనకా దాదాపు సమానం, వంపులో బండి చెప్పినట్టు వింటుంది. కానీ క్లచ్ మార్చాలంటే సైలెన్సర్ పైపులు దించాలి, గేర్‌బాక్స్ దించాలి, మధ్యలోని పొడవాటి గొట్టాన్ని వెనక్కి లాగాలి. పాత క్లచ్ ప్లేటు మధ్యలో రబ్బరు ఉంటుంది, కాలం గడిచేకొద్దీ అది చితికిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ వేసినప్పుడు కింద "టక్కు"మంటే అనుమానించాలి. నాది కొన్న రోజు నుంచే టక్కుమంది, అదేదో స్పోర్ట్స్ కారు లక్షణం కాబోలనుకున్నాను. 2,900. స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే ర్యాక్‌కు 700. టైర్లు, ఎండిపోయిన పెట్రోలు పైపులకు 1,050. కారు ధరతో కలిపి మొత్తం కూడితే 10,900. వెండి రంగు కారు పెద్దాయన ఫైల్లో బెల్టులూ క్లచ్చూ అప్పటికే ఉన్నాయని ఆయన నోటితోనే చెప్పాడు, నేనే వినలేదు. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు అంటారు గానీ, ఈ కార్లలో ఏనుగే చవక.

విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్యే బతుకు గడిపిన మా మావయ్యకు ఇదంతా వీడియో కాల్‌లో చెప్పాను.

"నువ్వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా?"

"వేడిగానే ఉంది మావయ్యా, స్టార్ట్ చేసి ఉంచాడు."

"మరింకేం చూశావురా అల్లుడూ? బానెట్ మీద చెయ్యేసి, చల్లారాక రేపొస్తానని చెప్పాల్సింది."

ఆ తర్వాత స్నేహితుల కోసం ఏడెనిమిది 944లు చూశాను. ఇంజన్ చల్లగా ఉండాల్సిందే, ముందే వేడెక్కించి ఉంచితే లోపాలు కనపడవు. కూలెంట్ డబ్బా, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల డబ్బా, మూత తీస్తాను. లోపల కాఫీ మీద మీగడలాంటి తెట్టు కనిపిస్తే నూనె, నీళ్లు కలుస్తున్నాయి, ఆయిల్ కూలర్ సీళ్ల వైపు చూడాలి. బాడీ ఉక్కుకు జింకు పూత ఉంది కాబట్టి తుప్పు తక్కువే. కానీ అయస్కాంతం అతుక్కోని చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టే. బ్యాటరీ కింది తట్ట తుప్పు పడితే నీళ్లు పక్కసీటు కాళ్ల దగ్గరికి, అక్కడి ఇంజన్ కంప్యూటర్ మీదికి కారతాయి. అక్కడ కార్పెట్ తడి చూడకుండా ధర మాట్లాడను.

ధర కట్టేటప్పుడు హ్యాగర్టీ వాళ్ల పాత కార్ల ధరల పట్టికలో ఆ స్థితి కారుకు ఎంత ఉందో, బ్రింగ్ ఎ ట్రైలర్ అనే వెబ్‌సైటు వేలాల్లో అలాంటివి ఎంతకు పోయాయో చూసి, చెయ్యాల్సిన పనుల ఖర్చు తీసేస్తాను. 1985 మధ్యలో డాష్‌బోర్డు మారింది, ఆ తర్వాతి కార్లకు నేనైతే కాస్త ఎక్కువ పెడతాను. పాతవాటిలో స్టీరింగ్ తొడలకు తగులుతుంది. పగుళ్లకు రెండు మూడొందలు తగ్గించమంటాను, అంతకు మించి పట్టించుకోను. కొత్త రంగు వేసి రసీదులు లేని కారంటే మాత్రం నాకు భయం.

ఇక నడపడమా? 147 హార్స్‌పవర్. సిక్స్ సిలిండర్ టయోటా క్యామ్రీ సిగ్నల్ దగ్గర సునాయాసంగా దాటేస్తుంది. జూలైలో ఏసీ ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. అయినా ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో ఒక పెద్ద వంపు దొరికితే చాలు, ఆ 10,900 గుర్తురావు.

ఇవాళ నా కారుకే నన్ను వెల కట్టమంటే, స్టీరింగ్ ర్యాక్‌లోంచి మళ్లీ నూనె చెమరుస్తోంది, వచ్చే వేసవికి బెల్టులు మార్చాలి. ఆ రెండు వేలూ తగ్గించే అడుగుతాను. ఫైలు ఇప్పుడు రెండు వేళ్ల మందం అయింది. మీటరు పళ్లచక్రం కూడా మార్పించాను, కానీ ఆ 98,212 వెనక ఎన్ని మైళ్లు పోయాయో ఎవరడిగినా నా దగ్గర జవాబు లేదు, దానికీ కొంత తగ్గించాల్సిందే.