రాక్లోప్రైడ్ పెట్ స్కాన్: కొన్నేళ్లు ఆ అంకెలతో గడిపాక

హనుమకొండలో ఇంట్లో కూర్చుని, బయటి దేశపు పరిశోధక బృందం పంపే రాక్లోప్రైడ్ పెట్ స్కాన్లకు లెక్కలు కట్టడం నా పని. మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనం డోపమైన్, అది వచ్చి అంటుకునే చోట్లు రిసెప్టర్లు. వాటికే అంటుకునే రాక్లోప్రైడ్‌కు కాస్త రేడియోధార్మికత జోడించి సూదితో ఎక్కించి, ఎక్కడ ఎంత అంటుకుందో పెట్ మిషన్‌తో చూస్తారు. అందుకే మిషన్ గురించి కాదు, అందులోంచి వచ్చే అంకెను ఎంతవరకు నమ్మొచ్చో చెబుతాను.

మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగంలో డీ2 రకం రిసెప్టర్లు దండిగా ఉంటాయి. అక్కడ ఈ స్కాన్‌కు తిరుగులేదు. అదే మనిషిని, అదే మిషన్‌లో రెండుసార్లు స్కాన్ చేస్తే తేడా మామూలుగా పది శాతం లోపే. మానసిక వ్యాధుల మందు ఎన్ని రిసెప్టర్లను పట్టుకుందో చూడాలంటే ఇంతకన్నా మంచి సాధనం నాకు కనబడలేదు. 65 నుంచి 80 శాతం దాకా పట్టుకుంటే మందు పనిచేస్తుందనీ, 80 దాటితే వణుకు, ఒళ్లు బిగుసుకోవడం ఎక్కువవుతాయనీ తేలింది ఈ స్కాన్ల వల్లే. దీనికి 1980ల్లో దారి వేసింది స్వీడన్‌లోని కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్‌లో లార్స్ ఫార్డె బృందం. క్లోజపైన్ అనే మందు మాత్రం ఈ లెక్కకు లొంగదు, తక్కువ పట్టుతోనే పనిచేస్తుంది.

మెదడు పైపొర కార్టెక్స్‌కి వెళ్తే కథ వేరు. అక్కడ రిసెప్టర్లు బహు తక్కువ, రాక్లోప్రైడ్ సిగ్నల్ కన్నా రొదే ఎక్కువ. దాంతో కార్టెక్స్ ఫలితాలు చెప్పే పేపర్‌ను నేను పక్కన పెట్టేస్తాను. రాక్లోప్రైడ్ బదులు ఇంకా గట్టిగా అంటుకునే ఫాలిప్రైడ్ వాడితే చదువుతాను.

అసలు చిక్కు ఇంకొకటి. వచ్చే అంకె రిసెప్టర్ల లెక్క కాదు, రాక్లోప్రైడ్ అక్కడ ఎంత అంటుకుందన్న కొలత. రిసెప్టర్లు తగ్గినా అంకె పడిపోతుంది, మనిషి సొంత డోపమైన్ ముందే వాటిమీద కూర్చున్నా పడిపోతుంది. ఒక్క స్కాన్‌తో ఈ రెండింటినీ విడదీయలేం. డీ2కీ, దాన్ని పోలిన డీ3 రిసెప్టర్లకీ తేడా కూడా దీనికి తెలియదు. పైగా గంటసేపు పడుకున్న మనిషి తల కాస్త జరిగినా, పోల్చుకోవడానికి తీసుకునే చిన్నమెదడు హద్దు వేరేగా గీసినా అంకె మారుతుంది. వయసు పెరిగే కొద్దీ ఎలాగూ తగ్గుతుంది.

కరీంనగర్ నుంచి మా బావ ఫోన్ చేసి, "పోరడు ఫోన్ వదుల్తలేడురా, ఆ స్కాన్ తీపిస్తే డోపమైన్ తక్కువైందో లేదో తెలుస్తదా?" అని అడిగాడు. తెలియదు బావా అన్నాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే ఆ అంకె మనిషికీ మనిషికీ ఎంతో తేడాగా ఉంటుంది. ఒక్క పిల్లాడి అంకె చూసి ఏమని చెప్పాలి? పైగా కోత లేదన్నమాటే గానీ సూది ఉంది, రేడియేషన్ ఉంది. అందులో వాడే రేడియోధార్మిక కార్బన్-11 ఇరవై నిమిషాలకోసారి సగమైపోతుంది. హైదరాబాద్‌లో తయారుచేసి కారులో వరంగల్ తెచ్చేసరికి ఒక శాతం కూడా మిగలదు. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పక్కనే ఉంటే తప్ప ఈ స్కాన్ లేదు.

తలకు వైర్లు తగిలించి "డోపమైన్ రిపోర్ట్" ఇస్తామనేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు, ఆ పరీక్ష ఈఈజీ, మెదడు కరెంటును కొలిచేది, దానికి రిసెప్టర్లు కనబడవు. పార్కిన్సన్ అనుమానం ఉంటే డాక్టర్లు రాసే ట్రోడాట్, ఎఫ్-డోపా స్కాన్లు వేరు. అవి చూసేది రిసెప్టర్లను కాదు, డోపమైన్ తయారుచేసే నరాల కొసలను. డాక్టర్ రాస్తే చేయించుకోండి.